ఎవరని అడగని ఇల్లు

కైకలూరు నుంచి బంటుమిల్లి దాకా రొయ్యల రైతుల్లో హనుమయ్య షాపు తెలియనివాడు లేడు. చెరువులో నీళ్లు చిలికి రొయ్యకు ఊపిరి అందించే ఏరేటర్లను ఆయన వన్ టౌన్‌లో ఏళ్ల తరబడి ఒకే ఫోన్ నంబరు మీద అమ్ముతున్నాడు. ఆ నంబరుతో నడిచే వాట్సాప్‌ను గురువారం మధ్యాహ్నం ఎవడో కాజేశాడు. మా బ్యాంకు ఖాతా మారింది, అడ్వాన్సులు ఇకనుంచి ఇందులో వెయ్యండని షాపు పేరుతోనే రైతులందరికీ చెప్పాడు. హనుమయ్య మాట అనుకుని రైతులు వేశారు. షాపు ఫోన్‌కు వచ్చిన ఆరంకెల కోడ్‌ను లోపలివాళ్లు చెబితే తప్ప ఇలాంటిది జరగదు. చెప్పింది కౌంటర్లో కూర్చునే వినీలేనని హనుమయ్య కొడుకు హర్షవర్ధన్ తేల్చేశాడు. ఈ సాయంత్రం ఆమె పేరు మీద పోలీసులకు ఫిర్యాదు వెళ్తుంది. దానికి జతచేసే రిపోర్టు మీద సంతకం కోసం బెంజ్ సర్కిల్ నుంచి కీర్తనను పిలిపించారు. వ్యాపారాలను ఇలాంటి మోసాల నుంచి కాపాడడం ఆమె వృత్తి. ఆమె రిపోర్టు చదివింది, పెన్ను మూత తియ్యలేదు. కోడ్ వచ్చినప్పుడు ఆ ఫోన్ ఎక్కడుందని మాత్రం అడిగింది.

"ఎక్కడుంటుంది మేడమ్, కౌంటర్ మీద" అన్నాడు హర్షవర్ధన్.

"మీరు చూశారా?"

"చూడాలా? షాపు ఫోన్ షాపులో కాకపోతే ఇంకెక్కడుంటుంది?"

అతని వెనక గోడకు నిలువెత్తు పోస్టరు ఉంది. మోసగాళ్లను కనిపెట్టడం ఎలాగో అందులో ఇంగ్లీషులో రాసి ఉంది. దాన్ని రాయించింది అతనే. పోయిన చలికాలంలో బెంజ్ సర్కిల్ దగ్గర హోటల్లో హాలు తీసుకుని గుమస్తాలకూ, లారీలకు సరుకెత్తే ముఠా మనుషులకూ సైబర్ అవగాహన సదస్సు పెట్టాడు. పూట సగం ఇంగ్లీషులో మాట్లాడాడు. చివర్లో ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగితే ఒక్కరూ నోరు తెరవలేదు. పక్క హాల్లో బిర్యానీ మూతలు తీస్తున్నారు మరి. అందరికీ అంతా అర్థమైందని హర్షవర్ధన్ అనుకున్నాడు. తను మాట్లాడితే అర్థం కాకపోవడమన్నది అతని ఊహకు అందే విషయం కాదు.

"వినీలను అడిగారా?" అంది కీర్తన.

"పిలిచి నిలబెట్టి అడిగాను. ఏడ్చింది. తప్పు చెయ్యనిది ఏడవడం ఎందుకు?"

"మిమ్మల్ని చూస్తే నాకే ఏడుపొస్తోంది. నేనేం తప్పు చేశానంటారు?"

హర్షవర్ధన్ మొహం ముడుచుకున్నాడు. ఫీజు ఇచ్చి పిలిపించిన మనిషి ఇలా మాట్లాడవచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు. "ఆ జీతానికి వచ్చేవాళ్ల తెలివి అంతే మేడమ్. ఎవడో ఫోన్ చేసి తియ్యగా మాట్లాడి ఉంటాడు. ఇది ఆరంకెలూ అప్పజెప్పి ఉంటుంది. సంతకం పెట్టండి, మీ టైమ్ వేస్ట్ చెయ్యను."

అప్పుడే పక్కన కూర్చున్న హనుమయ్య చొక్కా జేబులో ఫోన్ మోగింది. పాతకాలపు గంట. ఆయన తీసి చూసి, ఎవరో రైతు అని గొణిగి, నొక్కి మళ్లీ జేబులో వేసుకున్నాడు. రైతుల ఫోన్లు ఎత్తడం ఆయన శుక్రవారం నుంచే మానేశాడు.

"అదేనా ఆ ఫోన్?" అంది కీర్తన.

"ఆఁ. వాట్సాప్ ఇంకో ఫోన్లో నడుస్తుంది గానీ సిమ్ము ఇందులోనే. కోడ్లూ గట్రా దీనికే వస్తాయి" అన్నాడు హనుమయ్య.

"కౌంటర్ మీద ఉంటుందన్నారే."

"నేను షాపులో ఉంటే నా జేబులోనే."

"భోజనానికి పైకెళ్తే?"

హనుమయ్య చెయ్యి జేబు మీదికి పోయింది. ఇల్లు షాపు పైనే. రోజూ మధ్యాహ్నం పైకెళ్లి, తిని, ఓ కునుకు తీసి దిగడం ఆయనకు అలవాటు. గుమస్తాలందరికీ తెలిసిన ఆ అలవాటు కొడుకుకు తట్టలేదు. కింద ఏం జరుగుతుందో చూడడం అతను తన స్థాయి పని అనుకోడు.

"నాన్నా, గురువారం ఫోన్ మీతో పైకొచ్చిందా?"

"వచ్చింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగా. వినీల అని నువ్వే అన్నావు. సరే అన్నాను."

ఆ 'సరే' ఎంత తేలిగ్గా అన్నాడో ఇప్పుడూ అంత తేలిగ్గానే చెప్పాడు. కీర్తన రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. "పదండి, పైకి."

పైన వసారాలో రాజ్యలక్ష్మి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మెట్ల మీద ముగ్గురి అడుగులు వినగానే ఆమె చేతులు ఆగాయి. ఎవరూ ఏమీ అడగకముందే, "ఆ పిల్ల పేరు తీసేయండి" అంది.

"ఏ పిల్ల?" అన్నాడు హర్షవర్ధన్.

"వినీల. అది చెప్పలేదు. నేను చెప్పాను."

తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కీర్తనకు ఆశ్చర్యం కలగలేదు. ప్రతి వ్యాపారం వెనకా ఇలాంటి పెద్దావిడ ఒకరుంటారని, తలుపుకు ఎన్ని తాళాలు వేసినా ఆవిడ లోపలినుంచి తీస్తుందని కీర్తన తన క్లాసుల్లో చెబుతుంది. చెప్పినప్పుడల్లా అందరూ నవ్వుతారు. ఇప్పుడు కూడా ఆమెకు లోపల అలాంటి నవ్వే వచ్చింది. చాప మీద ఎదురుగా కూర్చుని, "ఏం జరిగింది ఆంటీ?" అంది.

"ఆయన నిద్రపోతున్నారు. ఫోన్ మోగితే లేస్తారని తీశాను. షాపు నంబరు తన ఫోన్లో పెట్టుకోవాలి, మావయ్యే చెప్పమన్నాడు, ఓ మెసేజి వస్తుంది, తొందరగా చదువు, లేటయితే నంబరే పోతుంది, ఇంకెవరికీ చెప్పకు అన్నాడు. వచ్చింది. చదివాను."

"ఎవడు వాడు?" అన్నాడు హర్షవర్ధన్.

"అది మాత్రం చెప్పను."

"అమ్మా, నీకు మతి ఉందా? చెరువులవాళ్లు కిందకొచ్చి నాన్న గొంతు పట్టుకుంటున్నారు. నువ్వు వాణ్ణి దాస్తావా?"

"నా పేరు రాయించు. వాడి పేరు అడక్కు."

హర్షవర్ధన్ ఒక్క క్షణం ఆలోచించాడు. తరవాత అతని మొహం వెలిగింది. అలా వెలగడం చూసి కీర్తనకు రోత పుట్టింది. "మావయ్య అన్నాడన్నమాట. నిన్ను అత్తయ్యా అనుంటాడు. ఈ ఇంట్లో నిన్ను అత్తయ్యా అని పిలిచి, షాపు సంగతులు తెలిసినవాడు ఒక్కడే. చక్రిగాడు."

చక్రి హనుమయ్య చెల్లెలి కొడుకు. తల్లి పోతే మేనమామ ఇంట్లో పెరిగాడు. చదువు మధ్యలో ఆపి షాపు భుజాన వేసుకున్నాడు. హర్షవర్ధన్ పెద్ద చదువు ముగించుకుని వచ్చాక, ముఠా మనుషులందరి ముందూ ఒకరోజు అతన్ని తిండికి చేరినవాడన్నాడు. ఆ మధ్యాహ్నం చక్రి అన్నం కలుపుకున్న చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. రాజ్యలక్ష్మి గుమ్మం దాకా వెళ్లింది. ఏమీ అనలేకపోయింది. మెట్లు దిగి, హ్యాండు రిక్షాల మధ్యలోంచి మలుపు తిరిగేదాకా ఆ పిల్లాడి చొక్కా కనబడుతూనే ఉంది. ఆ తరవాత ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఈ ఇంట్లో ఫోన్ మోగినప్పుడల్లా ఆమె చెయ్యి తుడుచుకుంటుంది. ఎవరూ గమనించలేదు.

"వాడే" అన్నాడు హర్షవర్ధన్. "అన్నం పెట్టిన ఇంటికి కన్నం వేశాడు. మేడమ్, రిపోర్టు మార్చండి. వినీలా చక్రీ కలిసి చేశారని రాయండి."

"వినీల ఎక్కణ్ణుంచి వచ్చింది మళ్లీ?"

"ఫిర్యాదు ఆల్రెడీ టైపయింది."

కీర్తన రాజ్యలక్ష్మి వైపు తిరిగింది. "ఆంటీ, ఒక్క మాట. చక్రి అన్న పేరు ముందు ఎవరన్నారు? అతనా, మీరా?"

"వాడే."

"మొదటినుంచీ చెప్పండి. ఫోన్ తీసి హలో అన్నారు. తరవాత?"

"'అత్తయ్యా, బాగున్నావా' అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. జలుబు చేసిందన్నాడు. నేను ఊరుకున్నాను. 'గుర్తుపట్టలేదు కదూ? అంతేలే, మేమెందుకు గుర్తుంటాం' అన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. 'చక్రీ, నువ్వేనా నాన్నా' అని..."

ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది.

"అని మీరన్నారు" అంది కీర్తన. ఆ నవ్వు ఇప్పుడు ఆమె లోపల లేదు. "వాడు 'అవును' అన్నాడు. వాడికి చక్రి ఎవరో తెలియదు ఆంటీ. ఆడగొంతు వినిపిస్తే అత్తయ్యా అంటాడు, మగగొంతయితే బాబాయ్ అంటాడు. మన వైపు అలా పిలిచేవాళ్లు ఏ ఇంటికైనా పదిమంది ఉంటారు. ఎవరో ఒకరి పేరు మీరే అందిస్తారని వాడి ధీమా."

"ఎవరు నువ్వు అని అడగొచ్చుగా?" హర్షవర్ధన్ అరిచాడు. "రెండే ముక్కలు. పోస్టర్లో మొదటి లైను అదే. ముక్కూమొహం తెలియనివాణ్ణి ఎవరు నువ్వని అడగడానికి కూడా నీకు ట్రైనింగ్ కావాలా?"

రాజ్యలక్ష్మి కొడుకు వైపు చూడలేదు. మొగుడి వైపు చూసింది.

"చెప్పండి. మీ అబ్బాయికి చెప్పండి, నేనెందుకు అడగలేదో."

హనుమయ్య కిటికీ వైపు తిరిగాడు.

"నేను చెబుతాను అయితే. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఓ పెద్దాయన వచ్చాడు. దుమ్ముకొట్టుకుపోయిన పంచె. 'ఎవరండీ మీరు' అని అడిగాను. ఘంటసాలలో ఉండే మీ నాన్నగారి పినతండ్రి కొడుకట. మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మీ అమ్మ ముందూ, వదినల ముందూ నన్ను నిలబెట్టారు. 'మావాళ్లను ఎవరు అని అడిగే ఆడదాన్ని తెచ్చుకున్నానా' అన్నారు. మర్నాడు ఘంటసాల తీసుకెళ్లి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టించారు. గుర్తుందా?"

"అది వేరు, ఇది వేరు."

"నాకు రెండూ ఒకటే. ఆనాటి నుంచీ నేను ఎవర్నీ ఎవరని అడగలేదు. పెళ్లిళ్లలో ముక్కూమొహం తెలియనివాళ్లను కూడా గుర్తుపట్టాను. 'మీ అమ్మాయికి నయమైందా' అని పరామర్శించాను. ఏ అమ్మాయో, ఏం జబ్బో నాకు తెలియదు. రాజ్యలక్ష్మికి ఎంత జ్ఞాపకమో అని మీవాళ్లంతా మెచ్చుకున్నారు. మీరు మీసం దువ్వుకున్నారు. ఆ చదువు నాకు చెప్పింది మీరు. దొంగ వచ్చి ఊరికే వాడుకుపోయాడు."

కింద వీధిలో ఇనుప చువ్వలు దింపుతున్న మోత పైకి వినిపిస్తోంది. రాజ్యలక్ష్మి కాయను బుట్టలో వేసింది. ఏదో లెక్క ఇప్పుడే తేలినట్టు, తనలో తాను అనుకున్నట్టు అంది:

"అయితే వాడు ఫోన్ చెయ్యలేదన్నమాట."

కీర్తన తలొంచుకుంది. రెండు రోజులుగా ఈవిడ ఓ దొంగను కాచుకుంటూ కూర్చుందని ఆమె అనుకుంది. ఈవిడ కాచుకున్నది దొంగను కాదు.

హనుమయ్యే ముందు తేరుకున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, సరుకు బేరమాడేటప్పటి గొంతుతో, "అమ్మాయ్, ఈ మాట ఈ వసారా దాటకూడదు. నీ రిపోర్టు మొదట ఉన్నట్టే ఉండనీ" అన్నాడు.

"వినీల పేరుతోనా?"

"మా ఆవిడ పోలీసుస్టేషన్ మెట్లెక్కుతుందా? వీధి వీధంతా చూడదూ?"

"వినీల ఎక్కొచ్చా?"

"ఆ పిల్లకేముంది. ఇక్కడ కాకపోతే ఇంకో కొట్లో చేరుతుంది. నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు. కావాలంటే నేనే ఏదైనా సాయం చేస్తాను. అన్యాయం చేసే మనిషిని కాదు నేను."

"పోలీసు ఫిర్యాదులో పేరున్న పిల్లను ఏ కొట్లో కౌంటర్ మీద కూర్చోబెడతారు హనుమయ్యగారూ? మీరైతే కూర్చోబెడతారా?"

అన్యాయం చెయ్యని మనుషులకు ఇలాంటి ప్రశ్నలు చెవిన పడవు.

రాజ్యలక్ష్మి బుట్ట పక్కకు జరిపి లేచింది. "నేను వస్తాను. నేనే చెప్పానని రాసి వేలిముద్రో సంతకమో పెడతాను. వీధి చూస్తే చూడనీండి."

"నువ్వు లోపలికెళ్లమ్మా" అన్నాడు హర్షవర్ధన్. "అంత అవసరం లేదు. వినీల సంతకం పెట్టడానికి ఒప్పుకుంది. వస్తోంది."

"ఒప్పుకుందా?" కీర్తన చివాలున తలెత్తింది. "చెయ్యని పనికి చేశానని సంతకం పెడతానందా? ఏం చెప్పారు?"

"బ్యాంకువాళ్లకి ఫార్మాలిటీ అన్నాను. ఇవాళే అయిపోవాలన్నాను. లేటయితే కేసు పెద్దదవుతుందన్నాను. ఇంట్లో ఎవరితోనూ చర్చలు పెట్టుకోవద్దన్నాను. దట్సాల్."

కీర్తన వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "తొందరపెట్టడం. భయపెట్టడం. ఎవరికీ చెప్పొద్దనడం. గురువారం మీ అమ్మగారితో వాడు చేసింది సరిగ్గా ఇదే. వాడికి కనీసం మర్యాదగా మాట్లాడడం వచ్చు."

"మైండ్ యువర్..."

"ఫోన్ చేసి చెప్పారా ఇదంతా?"

"వాళ్లతో ఫోన్లో మాట్లాడుతూ కూర్చుంటానా? గ్రూపులో పెట్టాను."

"ఏ గ్రూపు?"

"కౌంటర్ గ్రూపు. కంగారు పడకండి, వేరే ఎవరూ లేరు. ముగ్గురమే. నేనూ, వినీలా, షాపు..."

నంబరు అన్న మాట అతని నోట్లోంచి రాలేదు.

కీర్తన చెయ్యి చాచింది. ఈసారి అతను మారు మాట్లాడకుండా ఫోన్ ఇచ్చాడు. గురువారం తరవాత అతను పెట్టినవన్నీ అందులో వరసగా ఉన్నాయి. పోలీసుల దగ్గరికి ఎప్పుడు వెళ్లేదీ. ఎవరి పేరు ఇచ్చేదీ. ఫిర్యాదులో రాయడానికి నీ పూర్తి అడ్రసు పెట్టు అని అడగడం. కింద వినీల, భయపడుతూ టైపు చేసిందేమో, తప్పులతో, మంగళగిరిలో తన వీధీ ఇంటి నంబరూ. సంతకానికి రమ్మన్న కబురు. ఆ కబురు ఎవరు చదివారో చూడడానికి కీర్తన వేలు పెట్టి నొక్కింది. రెండు పేర్లు కనబడ్డాయి. ఒకటి వినీలది. రెండోది హనుమయ్య షాపుది.

"దొంగ చేతిలోకి పోయిన నంబరును ముందు అన్ని గ్రూపుల్లోంచీ తీసేయాలి" అంది. "సదస్సులు పెట్టేవాళ్లకు ఆ మాత్రం తెలుస్తుందనుకున్నాను. మీ ఎత్తులన్నీ గురువారం నుంచీ వాడు కూర్చుని చదువుకుంటున్నాడు."

"చదివితే ఏమవుతుంది?" హర్షవర్ధన్ గొంతు తగ్గింది గానీ పొగరు ఇంకా పూర్తిగా దిగలేదు.

"నేనొకటి అడుగుతాను. ఈ సాయంత్రం వినీల రాకపోతే మీరేమనుకుంటారు?"

"పారిపోయిందనుకుంటాం."

అలవాటుగా అనేశాడు. అన్నాక తన మాట తనకే వినిపించింది.

"పోలీసులూ అదే అనుకుంటారు. అప్పుడు ఆ పిల్లను వెతుకుతారు, వాణ్ణి వెతకరు. ఆ పిల్ల కనబడకుండా పోవడం కంటే వాడికి కావలసింది ఏముంది?" కీర్తన అతని ఫోన్ అతనికి తిరిగిచ్చింది. "గ్రూపులో కాదు. నేరుగా ఫోన్ చెయ్యండి. ఇంట్లోంచి కదలొద్దని చెప్పండి."

హర్షవర్ధన్ చేశాడు. స్విచాఫ్. మళ్లీ చేశాడు. మళ్లీ అదే ఆడగొంతు, అదే మాట.

హనుమయ్య జేబులో గంట మోగింది. ఆయన తియ్యలేదు. రాజ్యలక్ష్మి దగ్గరికెళ్లి, ఆయన జేబులోంచి తనే తీసి, కీర్తన చేతికిచ్చింది. కీర్తన అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టింది.

"సారూ, నేను వినీల వాళ్లమ్మనండి, హెప్సిబాని. మాటిమాటికీ చేస్తున్నానని ఏమనుకోకండి. అమ్మాయి సంతకం పని అయిపోయిందాండి? దాని ఫోన్ కలవట్లేదు."

"వినీల ఇక్కడికి రాలేదండీ" అంది కీర్తన. "బయల్దేరిందా?"

"అదేంటండీ, ఎప్పుడో బయల్దేరిందిగా. మీరు పంపిన కారులోనే. బస్సులో వెళ్తానందండీ మా పిల్ల. టైమ్ లేదు, హర్షా సారు కోప్పడతారని ఆ డ్రైవరు కంగారుపెట్టాడు. మంచోడేనండీ. సంతకం సంగతీ అన్నీ తెలిసినట్టు చెప్పాడు. మా ఇల్లు కూడా ఎవర్నీ అడక్కుండా సరాసరి వచ్చేశాడు."

"నేను కారు పంపలేదు" అన్నాడు హర్షవర్ధన్. ఎవరితో అంటున్నాడో అతనికే తెలియదు. "నేనెవర్నీ పంపలేదు."

అటువైపు ఎవరో పక్కనున్నవాళ్లను ఉండమంటున్నట్టు వినిపించింది. తరవాత హెప్సిబా గొంతు మళ్లీ వచ్చింది, ఇంతకు ముందు కంటే నెమ్మదిగా.

"ఆ మాట్లాడింది హర్షా సారేనాండి? పంపలేదంటున్నారేంటి సారూ? మరి మా పిల్ల ఎక్కింది ఎవరి కారు?"